పిల్లికి టిక్కెట్టు ఎంత?

ప్రయాణానికి బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళడం మనకు అలవాటు. మరి ఆ ప్రయాణం పిల్లిదే అయితే? చంద్రగిరి కోట నీడ నుంచి విమానం దాకా ఒక ఇంటి పిల్లి వెళ్ళాలంటే ఎంతవుతుంది? అందులో డబ్బెంత, ఓపికెంత?

తిరుపతి నుంచి చంద్రగిరి పట్టున పదిహేను కిలోమీటర్లు ఉండదు. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఒకపక్క స్వర్ణముఖి, ఇంకోపక్క శేషాచలం కొండలు, మధ్యలో వెయ్యేళ్ళ కోట. పెనుకొండ తర్వాత విజయనగర రాజులు తమ రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల రాజమహల్, దాని పక్కనే రాణీమహల్ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పట్టాభిషేకానికి ముందు శ్రీకృష్ణదేవరాయలు కొంతకాలం ఇక్కడే గడిపాడని చెబుతారు.

రాయలవారి పేరు చెప్పుకున్నాక తెనాలి రామకృష్ణుడి పిల్లిని తలచుకోకుండా ఎలా! ఊళ్ళో ఎలుకల బాధ పెరిగితే రాయలవారు తలా ఒక పిల్లిని ఇచ్చి, దానికి పాలు పోయడానికి ఆవును కూడా ఇప్పించారట. రామకృష్ణుడు మొదటిరోజే మరిగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. పాలన్నీ రామకృష్ణుడి ఇంటికే మిగిలాయి. కథ సంగతి ఎలా ఉన్నా, పిల్లిని సాకడానికి ఖర్చవుతుందని రాయలవారి కాలం నుంచే మనవాళ్ళకు తెలుసన్నమాట.

కాకపోతే ఆ ఖర్చు పాలతో తీరిపోయేది. ఇప్పుడు చిప్పులు, రక్తపరీక్షలు, సర్టిఫికెట్లు, బోనులు, కార్గో బిల్లులు...

కోట దారిలో ఒక ఇల్లు

ఒక ఇంటిని ఊహించుకుందాం. కోటకు వెళ్ళే దారిలో అరుగున్న పాత ఇల్లు. ఇంట్లో అవ్వ, కొడుకు, కోడలు, పదేళ్ళ పాప. వీళ్ళతోపాటు బుజ్జి. తెలుపూ గోధుమరంగూ కలిసిన నాటు పిల్లి. వర్షంలో తడిసి మెట్ల కింద వణుకుతుంటే పాప ఎత్తుకొచ్చి పెంచింది. కొడుక్కి జర్మనీలో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో ముగ్గురూ వెళ్ళిపోవాలి. వీసాలు చేతికొచ్చిన రోజున పాప అడిగిన మొదటి ప్రశ్న: ''నాయనా, బుజ్జికి టిక్కెట్టు తీశావా?''

అవ్వ నవ్వుతుంది. ''పిల్లికి టిక్కెట్టా పాపా!'' అంటుంది. ఆమె నవ్వుకు కారణముంది కానీ టిక్కెట్టు మాత్రం నిజం. 2022 ఫిబ్రవరిలో కరీంనగర్ వెళ్ళే ఆర్టీసీ బస్సులో ఒక కోడిపుంజుకు కండక్టరు 30 రూపాయల టిక్కెట్టు కొట్టిన ముచ్చట అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. బస్సులో కోడికే తప్పనిది విమానంలో పిల్లికి తప్పుతుందా!

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మనిషి పిల్లిని ఒక్క ఇల్లు మార్చాలంటే అంతకంటే ఎక్కువ గడపలే తొక్కాలి. అందులో మొదటి గడప పశువుల డాక్టరుది. ఆ విషయంలో చంద్రగిరివాళ్ళు అదృష్టవంతులే. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది. 2005లో దాని చుట్టూ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమే వచ్చింది. కాబట్టి డాక్టరు కోసం దూరం పోనక్కర్లేదు. దూరం పోవాల్సిందల్లా క్యాలెండర్‌లోనే!

నాలుగు నెలల లెక్క

జర్మనీయే కాదు, ఐరోపా సంఘంలోని ఏ దేశానికి పిల్లి వెళ్ళాలన్నా వరస తప్పకూడదు. ముందు మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ పెట్టించాలి. అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. పిల్లికి అదే ఆధార్ అనుకోండి! చిప్ పెట్టాకే రేబిస్ టీకా వేయించాలి. ముందు టీకా, తర్వాత చిప్ అయితే ఆ టీకా లెక్కలోకి రాదు. మళ్ళీ వేయించాల్సిందే.

టీకా వేసిన 30 రోజులకు రక్తం తీసి, ఐరోపా సంఘం ఆమోదించిన ప్రయోగశాలకు పంపాలి. రేబిస్‌ను ఎదుర్కొనే శక్తి ఒంట్లో తగినంత పుట్టిందో లేదో అక్కడ చూస్తారు. మిల్లీలీటరు రక్తద్రవానికి కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటేనే పాసు. పాసయినా వెంటనే బయల్దేరడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రేబిస్ విషయంలో భారత్ ఐరోపా సంఘం సడలింపు ఇచ్చిన దేశాల జాబితాలో లేకపోవడమే ఇందుకు కారణం. ఈ వ్యాధి లక్షణాలు బయటపడటానికి నెలలు పట్టొచ్చు. పిల్లి ఒంట్లో ముందే వైరస్ ఉండి ఉంటే ఆ మూడు నెలల్లో బయటపడుతుందన్నది వాళ్ళ జాగ్రత్త.

అంటే చిప్ పెట్టిన రోజు నుంచి తక్కువలో తక్కువ నాలుగు నెలలు. మన ఊహలోని ఇంట్లో వీసాలు వచ్చింది ఏప్రిల్‌లో. ఆ వారమే పరుగెత్తి చిప్, టీకా పూర్తిచేసినా రక్తపరీక్ష మే నెలలో. బుజ్జి విమానం ఎక్కగలిగేది ఆగస్టులో. పాప వెళ్ళేదేమో జూన్‌లో!

''ముందు మనం పోదాం. ఆగస్టులో ఎవరైనా తెలిసినవాళ్ళతో పంపిద్దాం'' అనుకుంటారు ఎవరైనా. అక్కడే ఇంకో ముడి ఉంది. పెంపుడు జంతువును సొంతదారు వెంట తీసుకెళ్తున్నట్టు లెక్కవేయాలంటే సొంతదారు ప్రయాణానికీ దాని ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు. వేరేవాళ్ళతో రాసిచ్చి పంపినా అదే నిబంధన. ఆ గడువు దాటితే బుజ్జి పెంపుడు పిల్లి కాదు, దిగుమతి సరుకు. దానికి మరికొన్ని కఠినమైన నిబంధనలు. తప్పించుకోవాలంటే ఇంట్లో ఒకరు మళ్ళీ చంద్రగిరి వచ్చి దాన్ని వెంటబెట్టుకు వెళ్ళాలి. చాలా ఇళ్ళలో పిల్లి ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు పిల్లిది కాదు, దానికోసం రానూపోనూ తిరిగే మనిషిది!

చిప్, టీకాలు కొద్ది వేలల్లో అయిపోతాయి. విదేశీ ప్రయోగశాలలో రక్తపరీక్ష ఖర్చు పది వేలు దాటుతుంది. ఇంతవరకూ మధ్యతరగతి ఇల్లు ఎలాగోలా సర్దుకుంటుంది. అసలు లెక్క విమానం దగ్గర మొదలవుతుంది.

నాలుగు కిలోలు... పదహారు కిలోలు

పిల్లి విమానంలో మూడు రకాలుగా వెళ్తుంది. మొదటిది, మన సీటు కింద చిన్న సంచీలో. రెండోది, మన టిక్కెట్టు మీదే సామానుగా, విమానం పొట్టలో గాలి, వేడిమి సరిచూసే గదిలో. మూడోది, మనతో సంబంధం లేకుండా కార్గోగా. మొదటిది చవక, మూడోది ఖరీదు. అయితే ఏది దొరుకుతుందన్నది మన చేతుల్లో ఉండదు. విమాన సంస్థ, వెళ్ళే దేశం కలిసి తేల్చాల్సిన విషయమది.

మన దేశంలో ఎయిరిండియా చాలాకాలంగా పెంపుడు జంతువుల్ని తీసుకెళ్తోంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరులో క్యాబిన్‌లోకి పిల్లుల్ని, కుక్కల్ని అనుమతించింది. పెట్టెతో కలిపి 7 కిలోల పరిమితితో మొదలుపెట్టి తర్వాత పెంచింది. ఒక్కో విమానంలో ఇన్నే జంతువులని లెక్క ఉంటుంది కాబట్టి మన టిక్కెట్టు కొన్నాక పిల్లి సంగతి చూద్దామంటే కుదరదు. ముందు పిల్లికి చోటుందని ఖాయం చేసుకున్నాకే మనుషుల టిక్కెట్లు కొనాలి. అమెరికాలో ఊరి నుంచి ఊరికి ఎగిరే పెద్ద సంస్థలు సీటు కింద పిల్లికి ఒక దారికి సుమారు 100 నుంచి 150 డాలర్లు తీసుకుంటాయి. మనిషి టిక్కెట్టు కంటే పిల్లి టిక్కెట్టు ఎక్కువైన సందర్భాలూ ఉంటాయి!

బరువు దగ్గర పట్టింపు ఎంతో చెప్పడానికి విక్టర్ కథ చాలు. 2019లో రష్యాలో మాస్కో నుంచి వ్లాదివొస్తోక్ వెళ్ళాల్సిన ఈ బొద్దు పిల్లి 10 కిలోలు తూగింది. క్యాబిన్ పరిమితి 8 కిలోలు. సరుకుల గదిలోకి పంపమన్నారు. యజమానికి మనసొప్పలేదు. ఆ రోజు ప్రయాణం మానుకుని, ఫీబీ అనే సన్నటి పిల్లిని వెతికి తెచ్చాడు. తూకానికి ఫీబీని చూపించి, విమానంలోకి విక్టర్‌తో వెళ్ళాడు. అంతా అయ్యాక ఆ సంబరాన్ని ఫొటోలతో సహా లోకానికి చెప్పుకున్నాడు. విమాన సంస్థ ఊరుకుంటుందా? ఎన్నో ప్రయాణాల మీద అతను కూడబెట్టుకున్న పాయింట్లన్నీ రద్దుచేసింది. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టంటే ఇదే కాబోలు!

కార్గోలో అయితే తూకం సంగతే వేరు. బోనులో పిల్లి చెవులు పైకి తగలకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం పెట్టిన నియమమిది. అలాంటి బోను 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉందనుకుందాం. కార్గో లెక్కలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6,000తో భాగిస్తారు. 96,000ను 6,000తో భాగిస్తే 16. అంటే బుజ్జి బరువు నాలుగు కిలోలే అయినా బిల్లు పదహారు కిలోలకు. అది ఆక్రమించే చోటుకు కట్టే బాడుగ అన్నమాట. పైగా ప్రాణమున్న సరుకుకు రేటు మామూలు సరుకు కంటే ఎక్కువ. ఏజెంటు ఫీజు, కాగితాలు, అటువైపు విమానాశ్రయంలో విడిపించుకునే ఖర్చు కలిపితే లక్ష రూపాయలు దాటడం మామూలే.

చెన్నపట్నం దారి

రేణిగుంట విమానాశ్రయం చంద్రగిరికి దగ్గరే. కానీ విదేశం వెళ్ళే పిల్లికి కేంద్ర ప్రభుత్వ పశు క్వారంటైన్ విభాగం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ కేంద్రాలు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నాయి. చంద్రగిరికి దగ్గర్లోది చెన్నై పళ్ళికరణైలోది. సుమారు 150 కిలోమీటర్లు.

ఇక్కడే చరిత్ర చిన్న తమాషా చేస్తుంది. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే సముద్రపు ఒడ్డున కోట కట్టుకోవడానికి ఇసుక నేల సంపాదించాడు. ఇచ్చింది విజయనగర రాజుల సామంతుడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసింది. ఆ ఒప్పందం చంద్రగిరి రాజమహల్‌లోనే కుదిరిందని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఒకనాడు చంద్రగిరి రాజ్యం ఇచ్చిన కాగితంతో పుట్టిన ఊరు చెన్నై. ఇప్పుడు చంద్రగిరి పిల్లి ఊరు దాటాలంటే ఆ చెన్నై కాగితం ఇవ్వాలి!

ప్రయాణం దగ్గరపడ్డాకే ఈ కాగితం తీసుకోవాలి. ఐరోపాలో అడుగుపెట్టడానికి పది రోజుల లోపు ఇచ్చిన పత్రమే చెల్లుతుంది. ముందే తెచ్చుకుని బీరువాలో పెట్టుకుందామంటే పనికిరాదు. చిప్ నంబరులో ఒక్క అంకె తేడా వచ్చినా కౌంటరు దగ్గర ఆగిపోవాల్సిందే.

విమానాశ్రయంలో ఇంకో పరీక్ష. భద్రతా తనిఖీలో సంచీని ఎక్స్‌రే యంత్రంలోకి పంపుతారు. పిల్లిని బయటికి తీసి చేతులతో ఎత్తుకుని దాటాలి. అరుగు మీద కునుకు తీసే పిల్లికి ఆ లైట్లు, ఆ రొద కొత్త. గోరు దిగేసి దూకిందంటే అంత పెద్ద విమానాశ్రయంలో ఎక్కడని వెతకడం? 2011లో న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో జాక్ అనే పిల్లి బోను నుంచి తప్పించుకుంది. 61 రోజుల తర్వాత దొరికింది కానీ చిక్కి శల్యమైపోయి కొద్దిరోజులకే కన్నుమూసింది. అందుకే ఒంటికి పట్టీ, దానికి తాడు వేశాకే సంచీ జిప్పు తీయాలంటారు. ప్రయాణంలో పడుకుంటుందిలే అని మత్తుమందు ఇవ్వడం కూడా మంచిది కాదని పశువైద్యులు హెచ్చరిస్తారు. ఆకాశంలో ఊపిరికి, గుండెకు ప్రమాదం. పర్షియన్ లాంటి చప్పిముక్కు పిల్లులకు ఈ భయం మరీ ఎక్కువ. అలాంటివాటిని తీసుకెళ్ళడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు. ఈ విషయంలో ముక్కు బాగున్న మన నాటు పిల్లే నయం!

దేశానికో తీరు

మన ఇళ్ళ నుంచి ఎక్కువమంది వెళ్ళే అమెరికా పిల్లుల విషయంలో ఉదారంగా ఉంటుంది. కుక్కలకు 2024 ఆగస్టు నుంచి నిబంధనలు బిగించినా, పిల్లికి రేబిస్ పత్రం కావాలని కేంద్రస్థాయి ఆరోగ్య సంస్థ అడగదు. చూడటానికి ఆరోగ్యంగా ఉంటే చాలు. అయితే కొన్ని రాష్ట్రాలు, విమాన సంస్థలు టీకా పత్రం అడుగుతాయి. హవాయి దీవుల్లోనైతే రేబిస్ లేదు కాబట్టి అక్కడి నియమాలు చాలా కఠినం.

బ్రిటన్‌కు విమానంలో వచ్చే పిల్లి కార్గోగానే రావాలి. సీటు కింద పెట్టుకుంటామంటే కుదరదు. జపాన్‌కు వెళ్ళాలంటే రక్తపరీక్ష తర్వాత 180 రోజులు ఆగాలి. ఆస్ట్రేలియాకైతే మన దేశం నుంచి నేరుగా పంపడానికే వీల్లేదు. ఆమోదించిన మరో దేశం మీదుగా వెళ్ళి, మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్ క్వారంటైన్ కేంద్రంలో 10 నుంచి 30 రోజులు ఉండాలి. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్ దంపతులు రెండు కుక్కల్ని చెప్పకుండా తీసుకెళ్తే ఆ దేశ మంత్రి గడువు పెట్టి మరీ వెనక్కి పంపించారు. చిరునామా హాలీవుడ్ అయినా చంద్రగిరి అయినా అక్కడి రూలు ఒక్కటే!

మన దేశంలోకి తీసుకురావడానికీ నియమాలున్నాయి. ముందుగా క్వారంటైన్ విభాగం అనుమతి పత్రం తీసుకోవాలి. ఆ కేంద్రమున్న నగరంలోనే దిగాలి. ఈ పట్టింపులు ఒక్కసారి సడలాయి... 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు. కట్టుబట్టలతో సరిహద్దు దాటుతూ కూడా కొందరు విద్యార్థులు పిల్లుల్ని, కుక్కపిల్లల్ని వదల్లేదు. దాంతో కేంద్ర ప్రభుత్వం ఆ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చి వాటినీ రానిచ్చింది. సూట్‌కేసులు వదిలేసిన చేతులు పిల్లిని వదల్లేదంటే ఆ బంధానికి ఏ కౌంటరులో లెక్కగట్టగలరు?

అసలు పిల్లికీ గాలి ప్రయాణానికీ పాత చుట్టరికమే. 1910లో అట్లాంటిక్ దాటాలని బయల్దేరిన 'అమెరికా' అనే గాలిఓడలో కిడ్డో అనే పిల్లి ఉంది. అది చేసిన గోల భరించలేక, దాన్ని తీసుకుపొమ్మని సిబ్బంది వైర్‌లెస్‌లో కబురు పంపారట. 1963లో ఫెలిసెట్ అనే పిల్లిని ఫ్రాన్స్ రాకెట్‌లో అంతరిక్షానికే పంపింది. ప్రాణాలతో తిరిగొచ్చింది కూడా. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి గ్వాలియర్‌కు ప్రత్యేక విమానంలో దిగిన ఎనిమిది చీతాలూ పిల్లి జాతివే. వాటి కోసం రెండు దేశాలు కాగితాలు రాసుకున్నాయి. బుజ్జి కాగితాలు మాత్రం ఇంట్లోవాళ్ళే తిరిగి తెచ్చుకోవాలి.

బిల్లులో రాయనిది

మళ్ళీ కోట దారిలోని ఇంటికి వద్దాం. కొడుకు ఒక కాగితం మీద లెక్క రాస్తాడు. చిప్, టీకా, రక్తపరీక్ష, చెన్నైకి కారు, ధ్రువపత్రం, సంచీ, విమాన సంస్థకు కట్టేది. ఆఖర్న తను ఆగస్టులో వచ్చి వెళ్ళడానికి టిక్కెట్టు. మొత్తం చూసి కోడలు ఏమీ అనదు. ఆ డబ్బుతో అత్తను ఒకసారి జర్మనీకి తీసుకెళ్ళి చూపించవచ్చని ఆమె మనసులో ఉంటుంది. పాప మనసులో బుజ్జి ఒక్కటే ఉంటుంది. ఎవరిదీ తప్పు కాదు.

ఆ కాగితంలో రాయని పద్దు ఇంకొకటుంది. పిల్లి మనిషి కంటే చోటును ఎక్కువగా అంటిపెట్టుకుంటుందని పెంచినవాళ్ళకు తెలుసు. అరుగు, గోడ, పక్కింటి పెరడు... దాని రాజ్యం అదే. నాలుగో అంతస్తు ఫ్లాటులో, చలిదేశంలో, మూసిన కిటికీ వెనక అది కుదురుకోవడానికి నెలలు పట్టొచ్చు. పసిపిల్లగా వచ్చి పాప పక్కలోనే పెరిగిన పిల్లికైతే చోటు కంటే పాపే ముఖ్యం కావచ్చు. ఏ పిల్లిది ఏ తీరో ఆ ఇంటివాళ్ళకే తెలియాలి. వయసు మళ్ళినదైనా, జబ్బుతో ఉన్నదైనా డబ్బు ఎంతున్నా పంపకపోవడమే దానికి చేసే మేలు.

ఇంకొకరున్నారు. జూన్ తర్వాత ఆ ఇంట్లో మిగిలేది అవ్వ ఒక్కతే. ముగ్గురు వెళ్ళిపోయాక, సాయంత్రం అరుగు మీద ఆమె పక్కన కూర్చునేది బుజ్జే. ఆగస్టులో అదీ వెళ్ళిపోతే? విదేశాల్లో పిల్లలున్న ఇళ్ళు చంద్రగిరిలోనే కాదు, మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అలాంటి ఇళ్ళలో పిల్లికి టిక్కెట్టు తీయాలా వద్దా అన్నది డబ్బుతో తేలే ప్రశ్న కాదు. ఎవరి ఒంటరితనం ఎవరు తీర్చాలన్నదే ప్రశ్న.

అందుకే తెలిసినవాళ్ళు ఒక సలహా చెబుతారు. విదేశీ ఉద్యోగం ఆలోచన వచ్చిన రోజే పిల్లికి చిప్, టీకా, రక్తపరీక్ష చేయించి పెట్టుకోవాలి. మూడు నెలల గడువు దాటాక, టీకాను గడువు తీరకుండా వేయిస్తూ ఉంటే రక్తపరీక్ష ఫలితం చెల్లుతూనే ఉంటుంది. వెళ్ళడమా, ఉండటమా అన్నది తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. తేదీలు తరుముకొస్తుంటే తీసుకునే నిర్ణయం ఒకలా ఉంటుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకునేది మరోలా ఉంటుంది.

కొడుకు ఏప్రిల్‌లోనే బుజ్జిని సంచీలో పెట్టుకుని తిరుపతి వెళ్ళి చిప్ పెట్టించుకొస్తాడు. ముందుగా ఆ పనైతే కానీ అనుకుంటాడు. ఇంటికి రాగానే బుజ్జి సంచీలోంచి దూకి, పాపను కూడా పట్టించుకోకుండా అవ్వ కొంగు చాటుకు చేరుతుంది.

''ఆగస్టుకు ఇంకా రోజులున్నాయిలే'' అంటూ అవ్వ గిన్నెలో పాలు పోస్తుంది. వేలు పెట్టి చూస్తుంది. గోరువెచ్చగా ఉన్నాయి.